నలుగురిలో మీ నాన్నకు మాట అందాలంటే

అమ్మాయీ,

మొన్న ఇంట్లో పదిమంది చేరినప్పుడు మీ నాన్న మధ్యలోనే లేచి గదిలోకి వెళ్లిపోయాడని, అంత డబ్బు పోసి కొన్న చెవి మిషన్లు పనిచేయడం లేదేమోనని రాశావు. పన్నెండేళ్లుగా నేనూ అలాంటివి పెట్టుకుంటున్నవాణ్ని కదా, మిషన్లు బాగానే ఉన్నా ఇలా జరుగుతుంది.

లోపలి చెవిలోని సున్నితమైన కణాలు దెబ్బతిన్నాక శబ్దం పెంచినంత మాత్రాన మాట విడిగా తెలియదు. ఫ్యాను హోరు, కుర్చీ జరిపిన చప్పుడు, పక్కవాళ్ల నవ్వు కూడా మాటతోపాటే పెరిగి వస్తాయి. అచ్చులు గట్టిగా పలుకుతాయి కాబట్టి అందుతాయి. స, చ, త లాంటివి పల్చగా ఉండి ఆ హోరులో మునిగిపోతాయి. ‘వినబడుతోంది గానీ ఏమన్నారో తెలియడం లేదు’ అని మీ నాన్న చెబితే నమ్ము.

ముందు కూర్చునే చోటు చూడు. చాలా మిషన్లు రద్దీలో ఎదుటివైపు మాటను పట్టి, వెనక చప్పుడును కొంత తగ్గిస్తాయి. అందుకే చప్పుడు వైపు వీపు, మనుషుల వైపు ముఖం ఉండాలి. టీవీ ఆపెయ్యండి, సౌండు తగ్గిస్తే చాలదు. అరవకండి, దగ్గరికి జరగండి. దూరం సగమైతే శబ్దాన్ని కొలిచే లెక్కలో మాట సుమారు 6 డెసిబెల్స్ ఎక్కువగా అందుతుంది. అరిస్తే పెదవుల కదలికే మారిపోతుంది.

మాట్లాడేవాళ్ల ముఖం మీద వెలుతురు పడాలి. అయినా పెదవులు చూస్తే అన్నీ తెలిసిపోవు. అద్దం ముందు నిలబడి గొంతు రాకుండా ‘పాట, బాట, మాట’ అని చూడు. మూడూ ఒకేలా కనిపిస్తాయి. దేని గురించి మాట్లాడుతున్నారో ముందే తెలిస్తేనే వాటిలో ఏదో పోల్చుకోగలం. ఒకసారి చెప్పింది అందకపోతే రెండోసారి మాటలు మార్చి చెప్పండి.

ఒక్కటి మాత్రం ఎవరూ అనకూడదు. అందరూ నవ్వుతుంటే ‘ఏంటీ’ అని అడిగేవాణ్ని. ‘ఏం లేదులే, తర్వాత చెప్తాం’ అనేవాళ్లు. ఆ తర్వాత ఎవరూ చెప్పేవాళ్లు కాదు. కొన్నాళ్లకు అడగడం మానేసి, వాళ్లు నవ్వినప్పుడల్లా నేనూ నవ్వేవాణ్ని. ఎంత ఒంటరిగా ఉండేదో ఇప్పటికీ గుర్తుంది. మీ నాన్నను అంతవరకు రానివ్వకు.

గంటసేపు అలా చెవులు రిక్కించి వింటే తల బరువెక్కుతుంది. మధ్యలో లేస్తే కోపం వచ్చిందనుకోకండి, కాసేపు వదిలెయ్యండి.

వినికిడి పరీక్షించి మిషన్లు సరిచేసే ఆడియాలజిస్ట్ దగ్గరికి వెళ్లేముందు ఏ గదిలో, ఎంతమందిలో, ఎవరి మాట అందలేదో రాసిపెట్టుకోండి. రద్దీలో వినడానికి మిషన్లలో వేరే ప్రోగ్రాం పెట్టగలరేమో, మాట్లాడేవాళ్ల దగ్గర పెట్టే రిమోట్ మైక్ ఈ మిషన్లకు కలుస్తుందేమో అడగండి.

ఈసారి అందరూ చేరినప్పుడు వాడి పక్కన నువ్వు కూర్చో. విషయం మారగానే చెయ్యి తట్టి, ‘ఇప్పుడు ప్రయాణం సంగతి మాట్లాడుతున్నారు నాన్నా’ అని చెప్పు చాలు, మిగతాది వాడే అందుకుంటాడు.

మీ పెదనాన్న