డెబ్బై దాటిన అమ్మకు శ్వాస సాధనతో టెన్షన్ నిజంగా తగ్గుతుందా?

తగ్గుతుంది, కాకపోతే మెల్లగా. టెన్షన్ పడగానే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు వదులుతాయి. గుండె వేగం, బీపీ పెరుగుతాయి. పెద్దవయసులో కార్టిసాల్ మళ్లీ దిగడానికి ఎక్కువసేపు పట్టొచ్చు.

శ్రీకాకుళంలో మా అమ్మా అంతే. 2018లో తిత్లీ తుఫానును చూసినప్పటి నుంచి టీవీలో తుఫాను మాట వినబడితే చాలు, చేతిలో టీ గ్లాసు వణుకుతుంది. అరుగు మీద కూర్చోబెట్టి, నాలుగు లెక్కపెట్టేలోగా గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలమంటాను. లెక్కకో సెకను చొప్పున, అంటే నిమిషానికి 6 శ్వాసలు. కిటుకంతా వదలడంలోనే ఉంది: అప్పుడే మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నరం దానికి కళ్లెం వేస్తుంది. కాసేపటికి చెయ్యి కుదురుకుంటుంది, టీ మాత్రం చల్లారిపోతుంది.

ఊపిరి బిగబట్టించకండి. బీపీ మాత్రలు మానిపించకండి.