టైమవుట్ పెట్టు తమ్మీ, పైసలు పక్కన పెట్టు

తమ్మీ, కాజీపేట నుంచి అమెరికా వచ్చి మూడు వారాలే అయిందన్నావు. జావా వెబ్ అప్లికేషన్ నుంచి వేరేవాళ్ల వెబ్ సర్వీసును పిలిచే క్లయింట్ రాయమని, డబ్ల్యూఎస్‌డీఎల్ (ఆ సర్వీసును ఎలా పిలవాలో చెప్పే ఫైలు) లింకు ఒక్కటి చేతిలో పెట్టారట. నాదీ హనుమకొండే. ఈ పనిలోనే దెబ్బతిన్నవాణ్ని కాబట్టి వివరంగా చెప్తా.

2010లో న్యూజెర్సీలో నా మొదటి ప్రాజెక్టు. ఆ ఫైలు చదివి జావా కోడ్ తయారుచేసే డబ్ల్యూఎస్‌ఇంపోర్ట్ కమాండ్ కొట్టగానే క్లాసులన్నీ తయారయ్యాయి. సర్వ్‌లెట్‌లో (వెబ్ రిక్వెస్టుకు జవాబిచ్చే జావా క్లాసు) పోర్ట్, అంటే అవతలి సర్వీసును పిలిచే ఆబ్జెక్టు, తీసుకుని మెథడ్ పిలిస్తే జవాబు వచ్చింది. పని అయిపోయిందనుకున్నా. టైమవుట్, అంటే ఎంతసేపు ఆగాలనే హద్దు, పెట్టకపోతే జావా ఎంతసేపైనా ఎదురుచూస్తుందని అప్పుడు తెలియదు. ఒక సోమవారం అవతలి సర్వీసు కనెక్షన్ తీసుకుంటోంది, జవాబు మాత్రం ఇవ్వట్లేదు. మా అప్లికేషన్‌ను నడిపే టామ్‌క్యాట్ సర్వర్‌లో మామూలుగా ఉండేవి 200 థ్రెడ్లు, ఒక్కో రిక్వెస్టు పనికి ఒక్కోటి. వచ్చిన ప్రతి రిక్వెస్టూ ఒకదాన్ని పట్టుకుని కూర్చుంది. పావుగంటలో లాగిన్ పేజీ కూడా తెరుచుకోలేదు. ఏ థ్రెడ్ ఎక్కడ ఆగిందో చూపే జెస్టాక్ కమాండ్ కొట్టి చూస్తే సాకెట్‌రీడ్ (జవాబు కోసం ఎదురుచూపు), సాకెట్‌రీడ్... కిందికి జరిపినకొద్దీ అదే లైను.

నెలాఖరుకు నన్ను తీసేశారు. కన్సల్టెన్సీ వాళ్లు రెండు నెలలు ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద పెట్టి పైసా ఇవ్వలేదు. (హెచ్1బీ వర్క్ వీసా మీదుంటే బెంచ్‌లోనూ జీతం ఇవ్వాలనే రూల్ ఉంది, లేబర్ డిపార్ట్‌మెంట్ సైట్‌లో చూసుకో.) అకౌంట్‌లో 340 డాలర్లు. అక్కడ బాపు ఎనుమాముల మార్కెట్లో పత్తి అమ్మి నా చదువు అప్పుకు కిస్తీ కడుతున్నాడు. ఫోన్‌లో అంతా బాగుందనే చెప్పిన.

ఇప్పుడు మా టీంలో ఏ క్లయింట్ కోడైనా నేను చూడందే ముందుకు పోదు. మీ బ్యాచ్ పిల్లలు నెట్లో దొరికింది అతికించి లేస్తారు, నువ్వలా చేయకు. కనెక్ట్ టైమవుట్ (కనెక్షన్ దొరికేదాకా), రిక్వెస్ట్ టైమవుట్ (జవాబు వచ్చేదాకా) రెండూ పెట్టు, మిల్లీసెకన్లలో ఇవ్వాలి. సర్వీస్ ఆబ్జెక్టును రిక్వెస్టుకొకటి చేయకు, చేసిన ప్రతిసారీ డబ్ల్యూఎస్‌డీఎల్ చదువుతుంది. ఆ ఫైలు కాపీ ప్రాజెక్టులోనే ఉంచు. జావా 11 నుంచి డబ్ల్యూఎస్‌ఇంపోర్ట్ జేడీకేలో (జావా టూల్స్ ప్యాకేజీ) లేదు, లైబ్రరీలు తెచ్చిపెట్టే మావెన్‌లో విడిగా చేర్చుకోవాలి.

కోడ్ నేర్చుకుంటావులే, నాకు బుగులంతా నీ పైసల గురించే. నాలుగు నెలల అద్దె, తిండి ఖర్చు పక్కన పడేదాకా కారు మాట ఎత్తకు. రూమ్మేట్లు కొన్నారని అసలు కొనకు. నీ జీతమెంతో, అద్దె ఎంతో, ఇంటికి నెలకెంత పంపుతున్నావో రాయలేదు. అవి రాసి పంపు, కూర్చుని లెక్క వేద్దాం.