వైరింగ్ తనిఖీ రిపోర్టులో సీ2 (ప్రమాదం జరగొచ్చనే కోడ్) పడితే ఆ ఎలక్ట్రీషియన్‌తోనే రిపేరు చేయించాలా?

లండన్‌లో ఫ్లాట్ అద్దెకిచ్చారు, తనిఖీకి వచ్చిన ఎలక్ట్రీషియనే రిపేర్లకు భారీగా అడుగుతున్నాడు, ఒప్పుకోక తప్పదా అని కదా మీ టెన్షన్. అక్కర్లేదు, అర్హత ఉన్న వేరేవారితో చేయించుకోవచ్చు.

ఇంగ్లండ్‌లో 2020 నిబంధనల ప్రకారం కనీసం 5 ఏళ్లకోసారి వైరింగ్ తనిఖీ చేయించాలి. ఫీజు ప్రభుత్వం నిర్ణయించదు. చాలామంది సర్క్యూట్ల లెక్కన చెబుతారు కాబట్టి, ఫ్యూజు బాక్సు ఫొటో పంపి రెండు మూడు చోట్ల కొటేషన్ అడగండి.

ఇక రిపోర్టులో లోపాలకు వేసే కోడ్‌లు. సీ1 అంటే ప్రమాదం ఇప్పుడే ఉంది. సీ2 అంటే జరిగే అవకాశం ఉంది. ఎఫ్‌ఐ అంటే ఇంకా లోతుగా పరీక్షించాలి. వీటిలో ఏది పడినా 28 రోజుల్లో, రిపోర్టు ఇంకా తక్కువ గడువిస్తే ఆలోపే, పని పూర్తి చేయించాలి. సీ3 మాత్రం సలహా మాత్రమే, దానివల్ల రిపోర్టు ఫెయిలవదు. నా లెక్కలో ఈ సీ3 పనులు కూడా కలిపేసినప్పుడే బిల్లు ఉబ్బేది! అందుకే ఏ కోడ్‌కు ఎంతో విడివిడిగా రాసివ్వమనండి.

పని అయ్యాక చేసినవారి నుంచి రాతపూర్వక ధ్రువీకరణ తీసుకుని, రిపోర్టుతో కలిపి 28 రోజుల్లో అద్దెదారుకూ స్థానిక కౌన్సిల్‌కూ పంపండి.