మిరప నారు పాలిపోయి సాగడానికి కారణం ఎరువు కాదు, వెలుతురు

కందుకూరు దగ్గర మీరు పోసిన మిరప నారు దారాల్లా సాగి, పాలిపోయి ఒరిగిపోతోందనీ, యూరియా వేయవచ్చా అనీ అడిగారు. దయచేసి వేయకండి. మొలకలు పైకి వచ్చాక కూడా వరిగడ్డి తీయలేదనీ, పైన షేడ్‌నెట్ రెండు పొరలు వేశామనీ మీరే రాశారు కనుక అక్కడి కొరత వెలుతురుదే.

చీకటిలో పిఫ్ అనే ప్రోటీన్లు కణకేంద్రకంలో పోగుపడి కాండాన్ని సాగదీసే జన్యువులను పనిచేయిస్తాయి. ఆకును పచ్చబరిచే జన్యువులను నడిపించే హెచ్‌వై5 అనే ప్రోటీన్‌ను కాప్1 అనే మరో ప్రోటీన్ నిలవనివ్వదు. సుమారు 660 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఎర్రని కాంతి తగిలితే, వెలుతురును పసిగట్టే ఫైటోక్రోమ్ అనే ప్రోటీన్ చురుకై, కేంద్రకంలోకి చేరి పిఫ్‌లను తొలగింపజేస్తుంది, హెచ్‌వై5 నిలదొక్కుకుంటుంది, బీజదళాలు విచ్చుకుని పచ్చబడతాయి. ఇవి ప్రధానంగా అరాబిడాప్సిస్ అనే ఆవజాతి మొక్కలో తేలిన సంగతులే అయినా, మీ మడిలో కనబడుతున్నది అచ్చంగా ఇదే.

నారు మరీ ఒత్తుగా ఉన్నా, పక్క ఆకులు ఎర్రని కాంతిని పీల్చుకుని 730 నానోమీటర్ల దగ్గరి దూర ఎరుపు (ఫార్-రెడ్) కాంతిని వెనక్కి పంపడంతో ఫైటోక్రోమ్ చురుకు తగ్గి, మొక్క మళ్లీ సాగుతుంది.

ఈ సాయంత్రమే గడ్డి తీసి, ఒత్తుగా ఉన్నచోట పలుచన చేసి, రెండో పొర నెట్‌ను రోజూ కొంతసేపు తొలగిస్తూ ఎండకు అలవాటు చేయండి. సాగిన కాండం కురచ కాదు గానీ కొత్త కణుపులు దగ్గరగా వస్తాయి. మొదలు దగ్గర నీరుపట్టినట్టు మెత్తబడి ఉంటే మాత్రం అది నారుకుళ్లు తెగులు. దానికి చికిత్స వేరు.