అప్పు చేసి అమ్మాయిని సింగపూర్ పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. బడివారు అయిదు రోజుల సింగపూర్ యాత్ర ఏర్పాటు చేసి, ఒక్కొక్కరికి లక్షా ఇరవై వేల రూపాయలు కట్టమంటున్నారు. ఈ ఏడాది రొయ్యల చెరువులో నష్టం వచ్చింది కనుక అప్పు చేయక తప్పదు. స్నేహితురాళ్ళందరూ వెళ్తున్నారని పిల్ల అన్నం సరిగా తినడం లేదు. ఇటువంటి యాత్రల వల్ల నిజంగా ప్రయోజనం ఉంటుందా?
– ఒక తల్లి, కావలి

జవాబు: ప్రయోజనం అసలే ఉండదని అనలేను గానీ, అప్పు చేసి కొనుక్కోవలసినంత ప్రయోజనం మాత్రం లేదమ్మా. ముందు ఏ రోజు ఎక్కడికి తీసుకెళ్తారో బడివారిని రాతపూర్వకంగా అడగండి. సెంతోసా ద్వీపంలో ఆటలు, అంగళ్ళలో కొనుగోళ్ళు, రాత్రి దీపాల వెలుగులో ఫొటోలు మాత్రమే ఉంటే అది విహారయాత్ర. అందులో తప్పేమీ లేదు, కాకపోతే ఆ ఖర్చును చదువు పద్దులో రాసుకోనక్కరలేదు.

అదే పట్టికలో మరీనా బ్యారేజీ వంటిది ఉంటే సంగతి వేరు. 2008లో పూర్తయిన ఆ కట్టడం సముద్రపు నీటిని లోపలికి రానీయకుండా ఆపి, సింగపూర్ భూభాగంలో ఆరో వంతు నుంచి పారివచ్చే వాననీటిని మంచినీటి జలాశయంగా నిలిపి ఉంచుతుంది. బోరు వేస్తే ఉప్పునీరు పడే తీరగ్రామాల పిల్లలకు ఇంతకంటే దగ్గరి పాఠం దొరకదు. అయితే మన జిల్లాలోనే, పెన్న మీద 2022లో ప్రారంభమైన సంగం బ్యారేజీని ఒక్కసారైనా చూసి, ఆ నీరు ఏ కాలువకు ఎలా మళ్ళుతుందో తెలుసుకున్న పిల్లకే అక్కడ ప్రశ్నలు పుడతాయి. లేకుంటే అది ఆమె కంటికి గాలి బాగా వీచే ఒక వంతెన, అంతే. సంగం చూపించని బడి సింగపూర్ చూపిస్తాననడం నాకైతే కొంత విడ్డూరంగానే ఉంది.

మీ అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉంది కనుక మరో మార్గం చెబుతాను. ఇస్రో సంస్థ ఈ తరగతి విద్యార్థుల కోసమే 2019లో ‘యువికా’ అనే కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఎంపికైనవారికి శ్రీహరికోటతో సహా ఇస్రో కేంద్రాలలో సుమారు రెండు వారాలు శిక్షణ ఇస్తారు. ప్రయాణం, బస, భోజనం ఖర్చులు ఆ సంస్థే భరిస్తుంది. ఎంపికలో ఎనిమిదో తరగతి మార్కులను, ఆన్‌లైన్ క్విజ్‌ను కూడా లెక్కలోకి తీసుకుంటారు. పదో తరగతికి వెళ్తే ఈ అవకాశం ఉండదు కాబట్టి, ప్రకటన ఎప్పుడు వస్తుందో ఇస్రో వెబ్‌సైట్‌లో గమనిస్తూ ఉండండి.

అమ్మాయితో “మనకెందుకులే” అని మాత్రం అనవద్దు. మేతకెంత అయిందో, పట్టుబడికి ఎంత వచ్చిందో, ఎంత బాకీ మిగిలిందో లెక్క విప్పి చూపండి. పద్నాలుగేళ్ళ పిల్లకు అది అర్థమవుతుంది. అప్పటికీ ఆమె కోరిక అలాగే ఉంటే, వీలైనంత మొత్తంతో పోస్టాఫీసులో రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. అది అయిదేళ్ళకు చేతికి వచ్చేసరికి ఆమె మీ సంతకం అవసరం లేకుండా తన పాస్‌పోర్టు తానే తీసుకోగల వయసులో ఉంటుంది, ఏ దేశం చూడాలో కూడా తానే చెబుతుంది.