మక్క గింజలో ప్రోటీన్ లెక్క కట్టేటప్పుడు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. మక్కజొన్న గింజ ముదిరేకొద్దీ ప్రోటీన్లు ఎలా మారతాయన్నది పీహెచ్‌డీకి తీసుకున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ల్యాబ్ మిషన్ల సంగతి మీ గైడ్ చూసుకుంటారు. నేను పొలం సంగతి చెప్తాను. ఈ పని చెడితే ఎక్కువగా అక్కడే చెడుతుంది.

పీచు బయటికి రాకముందే కంకికి సంచి తొడుగు. పీచు వచ్చాక పుప్పొడి నువ్వే వేసి, తేదీ ట్యాగు మీద పెన్సిల్‌తో రాయి. పెన్నుతో రాస్తే వానకు కారిపోతుంది. రోజులు ఆ తేదీ నుంచే లెక్కపెట్టు, విత్తిన రోజు నుంచి కాదు. పీచు కంకి మొదట్లో ముందు వస్తుంది, కొసన ఆఖరున వస్తుంది. గాలికి వదిలేస్తే ఒకే కంకిలో గింజల వయసులు వేరైపోతాయి. కాబట్టి ఎప్పుడూ నడిమి గింజలే తీసుకో. రబీలో చలికి గింజ నెమ్మదిగా ముదురుతుంది. ఖరీఫ్ 20వ రోజునూ రబీ 20వ రోజునూ పక్కపక్కన పెట్టకు. రోజూ ఉష్ణోగ్రత రాసుకో.

కంకిని కోసి, ల్యాబ్‌కి తెచ్చి తీరిగ్గా ఒలవడం వద్దు. గింజల్ని అక్కడికక్కడే గడ్డకట్టించడానికి లిక్విడ్ నైట్రోజన్ క్యాన్ పొలం గట్టు మీదే ఉండాలి.

మొదటి పది రోజులు గింజలో కణాలు విభజన చెంది పెరిగే పనే ఎక్కువ, గోరుతో నొక్కితే నీళ్లే వస్తాయి. ఆ తర్వాత జెయిన్లు, అంటే మక్క గింజ నిల్వ చేసుకునే ప్రోటీన్లు, తయారవడం మొదలవుతుంది. గింజ పాలు పోసుకునేసరికి ప్రోటీన్లను సైజు వారీగా విడదీసే జెల్ మీద 19, 22 కిలోడాల్టన్ల (అణువు బరువు కొలత) దగ్గర వాటి పట్టీలు దట్టంగా కనపడతాయి. ముదిరిన గింజ ఎండోస్పెర్మ్ (పిండి ఉండే భాగం) ప్రోటీన్‌లో సగానికి పైగా అవే. మన ఒంటికి తిండి నుంచే అందాల్సిన లైసిన్ అనే అమైనో ఆమ్లం వాటిలో దాదాపు ఉండదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. గింజ ముదిరేకొద్దీ ప్రోటీన్ శాతం పడిపోతుంది. అది చూసి ప్రోటీన్ తగ్గిందని రాసేయకు. పిండి అంతకంటే వేగంగా చేరుతుంది గనక శాతం తగ్గుతుంది, ఒక్కో గింజలో ఉన్న ప్రోటీన్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ప్రతి శాంపిల్‌కీ వంద గింజల ఎండు బరువు తీసి, శాతమూ గింజకు ఇన్ని మిల్లీగ్రాములనీ రెండూ టేబుల్లో పెట్టు. ఎగ్జామినర్ మొదట అడిగేది ఇదే.

వీలైతే ఓపేక్-2 అనే జన్యు మార్పు ఉన్న మక్క రకం కూడా పక్కన వేయి. దాని గింజలో లైసిన్ ఎక్కువని మెర్ట్జ్, బేట్స్, నెల్సన్ 1964లో చూపించారు. అసలు అందులో జరిగేది జెయిన్లు తగ్గి, లైసిన్ ఉన్న మిగతా ప్రోటీన్ల వాటా పెరగడం. గింజ మెత్తగా, సుద్దలా ఉంటుంది, పురుగు త్వరగా పడుతుంది. మన దేశంలో 1971లో విడుదలైన ఓపేక్-2 రకాలు శక్తి, రత్తన్, ప్రొటీనా రైతుల్లో నిలదొక్కుకోకపోవడానికి ఇది పెద్ద కారణం. ఆ గింజను గట్టిపరిచినందుకే శాస్త్రవేత్తలు వాసల్, విలేగాస్‌లకు 2000లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ వచ్చింది. ఈ రకానికి సంచులు మరీ ముఖ్యం. ఆ గుణం రెండు వైపుల నుంచీ వస్తేనే బయటపడుతుంది, పక్క మడి పుప్పొడి పడిన గింజ ఆ కంకిలోనే మామూలు గింజ అయిపోతుంది.

పూత వారంలో ఏ పెళ్లికీ వస్తానని మాటివ్వకు. మీ అమ్మకు నేను సర్దిచెప్తాను.

పెదనాన్న