పందులకి లైసెన్స్ అక్కర్లేదు, కానీ మీకు కావాలి

హెచ్‌-1బి మీద డాలస్‌లో ఉన్నానని, ఆఫీసు మిత్రుడు అడవిపందుల వేటకి వాళ్ల ర్యాంచ్‌కి రమ్మన్నాడని, లైసెన్స్ కావాలా అని అడిగారు కదా. అక్కర్లేదని మీ మిత్రుడు చెప్పింది నిజమే. ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే పందులకి 2019 నుంచి టెక్సస్‌లో లైసెన్స్ అక్కర్లేదు. కానీ ఆ మాట ఆయనకి సరిపోతుంది, మీకు కాదు. మీలా వర్క్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ పట్టుకోవడమే ఫెడరల్ నేరం. గడువు తీరని వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు. దయచేసి తేలిగ్గా తీసుకోకండి, ఇక్కడి మీ బతుకంతా దీనికి ముడిపడి ఉంది. హెచ్‌-4 డిపెండెంట్ వీసా మీద ఉన్న మీ ఆవిడ కూడా వేటకి వస్తుంటే ఆవిడకీ విడిగా లైసెన్స్ తీసుకోండి.

ఆరు నెలలకి పైగా టెక్సస్‌లోనే ఉంటే రెసిడెంట్ లైసెన్స్ 25 డాలర్లు. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి. 17 ఏళ్లు నిండితే మొత్తం ఆన్‌లైన్‌లోనే చెయ్యొచ్చు. ఎప్పుడు కొన్నా లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోతుంది, ఆ తేదీ మాత్రం మర్చిపోవద్దు.

జింకలకైతే తుపాకీ సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలు. ట్యాగులు, అంటే వేటాడిన జింకకి తగిలించాల్సిన చీటీలు, లైసెన్స్‌తోనే వస్తాయి. గువ్వలకి మాత్రం వలస పక్షుల ఎండార్స్‌మెంట్ (లైసెన్స్‌కి జోడించే అనుమతి) అదనంగా కొనాలి.